నీళ్లు దిద్దిన బాట: అరకు కొండల్లో ఒక మౌంటెన్ బైక్ ట్రయల్ కేస్ స్టడీ

జూలై రెండో వారంలో ఒక పెద్దమ్మ నన్ను తన మడి దగ్గరికి పిలుచుకెళ్లింది. ఊడ్పులు అయి పది రోజులు కూడా కాలేదు. పై గట్టు పక్క మూలలో నాట్లు కనబడటం లేదు. జానెడు మందాన ఎర్ర ఇసుక మేట వేసింది. చేత్తో తీసి చూస్తే గార్నెట్ అనే ఎర్రరాయి రేణువులు ఎండకు మెరుస్తున్నాయి. ఆ మట్టి ఎక్కడిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. రెండు నెలల క్రితం కొండ మీద నేనే గీత గీసి, నేనే తవ్వించిన సైకిల్ బాటది.

"బాబూ, నేను పెళ్లై వచ్చిన కాడినుంచి ఈ మడిలో ఇసుక పడనేదు. ఈ ఏడే పడింది. పైన మీరేసిన బాట ఓపాలి చూసుకోండి" అంది.

ఆ బాటను ఎందుకు మూసేశామో, దాని పక్కనే రెండోది ఎలా వేశామో, రెండు వానాకాలాలు దాటాక అది ఎలా ఉందో రాస్తున్నాను. మన కొండల్లో ఇప్పుడు మౌంటెన్ బైక్ బాటల (ట్రయల్స్) మీద ఆసక్తి పెరుగుతోంది. అరకు, వికారాబాద్ అనంతగిరి, మారేడుమిల్లి, ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు "ఇక్కడ ట్రయల్ వేస్తే ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. వేసే ముందు నా తప్పు చదివితే కొన్ని మడులైనా మిగులుతాయి.

చోటు

అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరికీ అరకుకూ మధ్య కొండలు. ఊరి పేరు రాయడం లేదు, వాళ్లు వద్దన్నారు. కొండ మీద రెండు శిఖరాల నడుమ ఒక మెడ ఉంది. అక్కడినుంచి కింద గెడ్డ (వాగు) దాకా దిగుడు దాదాపు 140 మీటర్లు. పైభాగం రాళ్ల గడ్డి. నడుమ సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియం తీగలు. కింద చోడి, వలిసె చేలు, గెడ్డ ఒడ్డున మెట్లు మెట్లుగా వరి మడులు.

ఇక్కడి రాయి ఖొండలైట్. ఈ తూర్పు కనుమల్లో ఉండే ఖొండుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. రాయిగా ఉన్నంతసేపు గట్టిదే. పుచ్చిపోయాక మాత్రం పైన ఎర్రమట్టి, కొన్నిచోట్ల దాని కింద సుద్దలాంటి తెల్లమట్టి. ఎండలో ఎర్రమట్టి మీద చక్రం చాలా బాగా పట్టుకుంటుంది, తొక్కేవాడికి స్వర్గమే. మొదటి వాన పడ్డాక అదే మట్టి ఎటు చెబితే అటు పోతుంది.

నేను పదకొండేళ్లు వాననీటినీ మట్టినీ నిలబెట్టే వాటర్‌షెడ్ పనుల్లో ఫీల్డు ఇంజనీరుగా చేశాను. కాంటూరు కందకాలు (కొండకు అడ్డంగా ఒకే మట్టంలో తవ్వేవి), రాతి కట్టలు, చెక్‌డ్యాములు అన్నీ చేయించాను. అంతకు ముందునుంచీ సైకిల్ తొక్కుతున్నాను. కాబట్టి ఊళ్లో నలుగురు కుర్రాళ్లు, టూరిస్టులకు టెంట్లు వేసి భోజనం పెట్టేవాళ్లు, "సారూ, సైకిల్ బాట వేద్దాం" అని వచ్చినప్పుడు ఆ పని నాకే తగినదనుకున్నాను.

మొదటి గీత

అప్పటికే కొండ మెడనుంచి కిందికి పాత ఆవుల బాట ఒకటి ఉంది. దాన్నే వెడల్పు చేద్దామన్నారు కుర్రాళ్లు. విశాఖనుంచి వచ్చిన రైడర్లు దాని మీద నాలుగుసార్లు దిగి, ఒళ్లంతా మట్టి చేసుకుని, ఇదే కావాలన్నారు. పొడవు 700 మీటర్లు. 140 మీటర్ల దిగుడు 700 మీటర్లలో అంటే నూటికి ఇరవై వాలు. కొన్నిచోట్ల అది ఇరవై ఐదు దాకా ఉంది, కొండ వాలేమో ముప్పై.

ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది. బాట వాలు కొండ వాలులో సగం దాటకూడదన్నది ట్రయల్ వేసేవాళ్లు మామూలుగా పాటించే సూత్రం. కొండ ముప్పై అయితే బాట పదిహేను లోపు ఉండాలి. సగటున మొత్తం బాట పది దాటకపోతే మరీ మంచిది. దీనికి కారణం చాలా సులువు. కొండ మీద నీరు నిలువుగా దిగుతుంది. బాట దానికి అడ్డంగా ఉంటే నీరు దాటిపోతుంది. బాట కూడా ఇంచుమించు నిలువుగానే ఉంటే నీటికి అదే కాలువ. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కాంటూరు కందకాల దగ్గర ఇది వందసార్లు చెప్పినవాణ్ని, సైకిల్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. నేనూ ఆ దిగుడు తొక్కాను. ఆ వేగం నాకూ నచ్చింది.

ఆవులు ఆ బాటను ఎన్నో ఏళ్లు తొక్కినా ఏమీ కాలేదు కదా అని కొందరు అడిగారు. ఆవుల బాట ఒకటి కాదు, పక్కపక్కన పది సన్న గీతలు. గడ్డి పోదు, నీరు చీలిపోతుంది. మేం ఆ పదీ కలిపి ఒక్కటి చేసి, గడ్డి చెక్కి, నున్నగా చేశాం. ఊడ్పులయ్యాక పట్టిన మూడు రోజుల ముసురుకు బాట మధ్యలో మోకాలి లోతు గండి పడింది. ఆ మట్టంతా గెడ్డలోకి కాదు, పెద్దమ్మ మడిలోకి వెళ్లింది.

చక్రాల వల్లే కొండ పాడవుతుందన్న మాట అటవీ సిబ్బంది నోటా విన్నాను, పర్యావరణం మీద ప్రేమ ఉన్న మిత్రుల నోటా విన్నాను. 1994లో అమెరికాలోని మోంటానాలో ఇద్దరు పరిశోధకులు ఒకే బాటల మీద మనుషుల్ని, గుర్రాల్ని, మోటార్ సైకిళ్లను, మామూలు సైకిళ్లను నడిపి, తర్వాత వాన కురిపించి కొలిచారు. మట్టిని ఎక్కువ వదులు చేసింది గుర్రపు డెక్కలు. సైకిల్ చక్రం కాదు. నా అనుభవమూ అదే చెబుతోంది. చక్రం చేసే గాయం చిన్నది. ఆ గాయంలోకి నీటిని పంపేది బాట గీసినవాడే.

మడి పని

కొత్త గీత సంగతి తర్వాత. ముందు ఆ ఇసుక ఎత్తాలి. నాలుగు రోజులు కుర్రాళ్లూ నేనూ తట్టలతో మోశాం. పోయిన నాట్లకు వేరే మడినుంచి నారు తెచ్చి మళ్లీ నాటించాం. అప్పటికే ఆలస్యమైంది, ఆ మూల పంట తగ్గుతుందని తెలుసు. కోత నాడు పక్క మడితో పోల్చి తగ్గిన ధాన్యం లెక్క కట్టి నేనే ఇచ్చాను. ఇది ప్రాజెక్టు ఖర్చులో రాసుకోలేదు. దీన్ని కేస్ స్టడీలో ఎందుకు పెడుతున్నావని ఒక మిత్రుడు అడిగాడు. బాట ఖర్చు బాట మీదే అయిపోదు కాబట్టి. కింద ఎవరి మడి ఉందో చూడకుండా పైన గునపం దింపకూడదు.

తర్వాత ఊరంతా కూర్చున్నారు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద గ్రామసభ మాటకు బలముంది. మొదటిసారి మేం కుర్రాళ్లతో మాట్లాడి, సర్పంచి చెవిన వేసి పని మొదలుపెట్టాం. అది సభ కాదు. ఈసారి కాఫీ తోటలున్న ప్రతి ఇంటినుంచీ ఒకరు వచ్చారు. రిజర్వు ఫారెస్టు హద్దు దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదని, చెట్టు కొట్టకూడదని, ఎవరి భూమీ లీజు పేరుతో బయటివాళ్లకు రాయకూడదని తీర్మానం రాశారు. నాది ఆ ఊరు కాదు, నేను గిరిజనుణ్నీ కాదు. ఇక్కడ 1 ఆఫ్ 70 ఉంది, గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే చట్టం. బాట ఊరిది, నాది పని మాత్రమే అని కాగితం మీద ఉండటం నాకూ మంచిదే.

వెదురు త్రికోణం

నా దగ్గర వాలు కొలిచే క్లైనోమీటరు ఉంది. దాన్ని కుర్రాళ్ల చేతికిస్తే ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెప్పారు. అప్పుడు పెద్దమ్మే "ఉపాధి పనిలో ఏ-ఫ్రేము పెట్టినాం కదా బాబూ, అది తెండి" అంది. ఆవిడ ఉపాధి హామీ పనుల్లో ఆరేళ్లు మేటుగా (పని చేయించే మనిషిగా) చేసింది. కందకాలకు కాంటూరు గీత ఆవిడే గీసేదట. ఆ సంగతి నాకు ముందే తెలిసుండాల్సింది. ఊళ్లోకి వెళ్లి కుర్రాళ్లనే కలిశాను, కొండ మీద కందకం తవ్వినవాళ్లను కలవలేదు.

ఏ-ఫ్రేము అంటే రెండు వెదురు కర్రలు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర వేసి, పైనుంచి పురికొసకు రాయి వేలాడదీయడమే. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నప్పుడు పురికొస అడ్డకర్ర మీద ఎక్కడ ఆగుతుందో అక్కడ గీత పెట్టాలి. ఆ గీతకు నమ్మకం కావాలంటే ఫ్రేమును తిప్పి, కాళ్లు అటుదిటు చేసి మళ్లీ చూసి, రెండు గుర్తుల నడిమి చోటు తీసుకోవాలి. కాళ్ల మధ్య దూరం సరిగ్గా రెండు మీటర్లు ఉండేలా కట్టాం.

కందకానికి సమమట్టం కావాలి, బాటకు వాలు కావాలి. అందుకని ఒక కాలికి కింద 14 సెంటీమీటర్ల చెక్కముక్క కట్టాం. రెండు మీటర్లకు 14 సెంటీమీటర్లంటే నూటికి ఏడు. ఆ చెక్క ఉన్న కాలు కింది వైపు పెట్టి, పురికొస గీత మీదికి వచ్చేదాకా అటూ ఇటూ జరిపి, అక్కడ మేకు దిగ్గొట్టాలి. చెక్క లేని కాలు ఆ మేకు దగ్గరికి తెచ్చుకుంటూ ఫ్రేమును ముందుకు జరుపుకుంటూ వెళ్తే ఏడు వాలు గీత దానంతట అదే కొండ చుట్టూ తిరుగుతుంది. రాయి అడ్డొస్తే పైనుంచో కిందనుంచో పోవాలి తప్ప వాలు పెంచకూడదు. పెద్దమ్మ ముందు, వెనక సున్నం డబ్బాతో ఒక పిల్లాడు. నాలుగు రోజుల్లో గీత పూర్తయింది.

140 మీటర్ల దిగుడుకు ఏడు వాలున రెండు కిలోమీటర్లు. నడుమ ఎక్కి దిగే చోట్లు కూడా కలిపితే 2.3 కిలోమీటర్లు తేలింది. పాతదానికి మూడు రెట్లకు పైనే. రైడర్లలో ఇద్దరికి ఇది నచ్చలేదు, మజా పోయిందన్నారు. వాళ్ల మాట కాదనను, నిలువు దిగుడులో ఉండే భయం ఇందులో లేదు. కానీ మూడు రెట్లు ఎక్కువసేపు తొక్కొచ్చు, పైకీ తొక్కుకుంటూ ఎక్కొచ్చు. పాత బాట మీద సైకిల్‌ను భుజాన వేసుకుని ఎక్కేవాళ్లు.

తవ్వకం

వెడల్పు 75 సెంటీమీటర్లు, అంతే. ఆ వెడల్పు మొత్తం కొండను చెక్కి తీసిన గట్టి నేల అయ్యుండాలి. చెక్కిన మట్టిని అంచున పోసి దాని మీద చక్రం నడిపితే తొలి వానకే జారిపోతుంది. చెక్కిన మట్టి కింద వాలు మీద పలచగా చల్లేయాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, సగం చెక్కి సగం పోస్తే పని సగమవుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. పద్నాలుగు మంది 28 రోజులు పనిచేశారు. గునపం, పార, తట్ట, కత్తి, ఇవే పనిముట్లు. మనిషికి రోజుకు ఆరు మీటర్లు పడింది.

బాట కొండ వైపునుంచి బయటి అంచుకు కొంచెం ఒరగాలి. 75 సెంటీమీటర్ల వెడల్పుకు నాలుగు సెంటీమీటర్లు చాలు. కంటికి కనబడదు. అందుకే ప్రతి సాయంత్రం పని ఆపే ముందు బిందెడు నీళ్లు తెచ్చి ఆ రోజు చెక్కిన చోట పోసేవాళ్లం. నీళ్లు అడ్డంగా దాటి బయటి అంచునుంచి జారిపోతే ఆ ఆరు మీటర్ల కూలి ఇచ్చేయొచ్చు. బాట వెంట రెండడుగులు పరిగెత్తినా మర్నాడు మళ్లీ చెక్కాలి. మొదటి వారం చాలా చోట్ల పరిగెత్తాయి. మూడో వారానికి బిందె పట్టుకొచ్చే అమ్మాయి నీళ్లు పోయకముందే, పాదం పెట్టి "ఇక్కడ నిలుస్తాది" అని చెప్పేసేది. ఎప్పుడూ తప్పలేదు.

దీనికి తోడు ప్రతి పది పదిహేను మీటర్లకు ఒకచోట బాట కాస్త పైకి లేచి మళ్లీ దిగుతుంది. ఒరుగు దెబ్బతిని నీరు బాట వెంట పారినా ఆ లేచే చోట ఆగి, పక్కకు పోక తప్పదు. పిల్లలు వాటికి ఊయలలు అని పేరు పెట్టారు. తొక్కేవాళ్లకూ అవే ఆనందం. నిలువు దిగుడు పోయిందని బాధపడ్డ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు ఊయలల కోసమే వస్తున్నారు.

మలుపుల దగ్గర మరో మాట. మలుపులో చక్రం జారించి బ్రేకు వేస్తే నేల గీసుకుపోతుంది, ఆ గీత నీటికి మొదలు. బోర్డు పెట్టి "జారించవద్దు" అంటే ఎవరూ వినరు. మలుపుకు ముందు చిన్న ఎత్తు పెడితే సైకిల్ తనంతట తనే నెమ్మదిస్తుంది, బ్రేకు అక్కర్లేదు. ఆరు మలుపుల్లో ఐదింటికి అలా పెట్టగలిగాం. ఆరోదానికి చోటు లేదు. మాకు ప్రతి ఏడూ మరమ్మతు పడేది ఆ ఆరోదే.

గెడ్డ దాటే చోట వంతెన వేయలేదు. పలక రాళ్లను పడుకోబెట్టకుండా నిలువుగా, పుస్తకాలు పేర్చినట్టు ఒకదానికొకటి బిగించి పరిచాం. రెండు వైపులనుంచీ బాట గెడ్డలోకి దిగి మళ్లీ ఎక్కేలా చూశాం. ఇలా చేయకపోతే వరద వచ్చినప్పుడు గెడ్డ మొత్తం బాటలోకి మళ్లి కొత్త దారి పట్టేస్తుంది. వాటర్‌షెడ్ పనిలో కూడా ఇలా తెగిపోయిన బండి దారులు చాలా చూశాను.

కాఫీ కాలం

ఇది నేను ముందు అస్సలు ఊహించని చిక్కు. అరకుకు జనం వచ్చేది నవంబరునుంచి జనవరి దాకా, మంచు కోసం, వలిసె పూల కోసం. కాఫీ పళ్లు కోసేదీ అప్పుడే. తోటలో ఆడవాళ్లు నడుముకు బుట్ట కట్టుకుని, చెట్టునుంచి చెట్టుకు బాట దాటుతూ ఉంటారు. సైకిల్ చప్పుడు చేయదు. ఒకసారి ఒక రైడరు తప్పించబోయి పొదలో పడ్డాడు, కోసేవాళ్ల బస్తా ఒలికిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మొదట సైకిళ్లకు గంటలు కట్టాం. సంతలో దొరికే మేకల మెడ గంటలు, హ్యాండిల్‌కు వేలాడితే గతుకుల్లో అవే మోగుతాయి. మంచి పనే, కానీ సరిపోలేదు. కోత పనిలో ఉన్నవాళ్లు ప్రతి గంటకూ తలెత్తి చూడటమెందుకు? సభలో చివరికి ఇలా కుదిరింది: కోతలు జరిగే తోటల మీదుగా వెళ్లే కిలోమీటరు ఆ రోజులకు మూసేస్తారు. ఏ తోటలో ఎప్పుడు కోతో ముందు రోజు రాత్రి తోట యజమానులే చెబుతారు. టూరిస్టు కాలంలో ఆదాయం కొంత పోతుంది, పోనివ్వాలి. ఇక్కడ బతుకు కాఫీ మీద నడుస్తోంది.

తెల్లవారకముందు, పొద్దు కుంకాక ఎవరూ తొక్కకూడదు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ వేళల్లోనే తిరుగుతాయి. జూన్‌నుంచి అక్టోబరు దాకా బాట మొత్తం బంద్. తడి బాట మీద చక్రం పెట్టకూడదన్న ఈ ఒక్క నియమం దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను.

రెండు వానాకాలాల తర్వాత

మొదటి వానాకాలం దాటాక బాట మొత్తం నడిచి చూశాం. నూరు పాళ్లు బాగుందని చెప్పను. తెల్లమట్టి బయటపడ్డ ఒక 60 మీటర్ల ముక్క నిలబడలేదు. రాళ్లు పరిచినా కిందికి దిగిపోయాయి. రెండో ఏడు దాన్ని వదిలేసి కొండ మీద కొంచెం పైకి తిప్పాం, పాత ముక్క మీద కొమ్మలు కప్పి గడ్డి వేశాం. ఏప్రిల్‌కే గడ్డి అందుకుంది.

బయటి అంచున చక్రాల వల్ల మట్టి సన్నటి గట్టులా పేరుకుంటుంది. వేలెడు ఎత్తుంటే చాలు, నీరు బయటికి పోదు. ప్రతి మే నెలలో ఆ గట్టు చెక్కేయాలి. మరమ్మతంటే ముఖ్యంగా ఇదే. రైడరు దగ్గర ఊరు తీసుకునే 200 రూపాయల్లో సగం దీని కూలికే వెళ్తుంది.

సిల్వర్ ఓక్ ఆకుల దగ్గర నా అభిప్రాయం మారింది. ఎండాకులు మందంగా పడి, జారుడుగా ఉంటాయని మొదట్లో ఎప్పటికప్పుడు ఊడ్పించేవాణ్ని. ఊడ్చిన చోట వాన చినుకు నేరుగా మట్టి మీద కొట్టి గుల్ల చేసింది, ఊడ్వని చోట నేల గట్టిగా ఉంది. ఇప్పుడు వానాకాలమంతా ఆకు అలాగే ఉంటుంది. బంద్ ఎత్తేసే ముందు మలుపుల్లోనూ, నీరు బయటికి పోయే నోళ్ల దగ్గరా మాత్రమే ఊడుస్తారు.

ఈ జూలైలో పెద్దమ్మ మడికి మళ్లీ వెళ్లాను. నాట్లు పచ్చగా ఉన్నాయి, ఇసుక లేదు. కానీ కాలువలో నీరు ఎర్రగానే దిగుతోంది. నా ముఖం చూసి ఆవిడే అంది: "ఇది మీ బాటది కాదు బాబూ. ఆ పక్క గుట్ట మీద మా మరిది కొత్తగా పోడు కొట్టినాడు. అక్కడిది."

ఆ సాయంత్రం ముసురు తెరిపిచ్చాక ముగ్గురం గుట్ట ఎక్కాం. ఆవిడ చేతిలో ఏ-ఫ్రేము ఉంది. కాలికి కట్టిన చెక్కముక్క దారిలోనే విప్పి నా చేతికిచ్చింది, పోడులో గట్టుకు సమమట్టమే కావాలి.